వెంటపడి వేధించడం

ఒక స్త్రీ వద్దన్నా ఆమెను పదేపదే అనుసరించడం, ఆమె వెళ్లే దారుల్లో కాపు కాయడం, ఫోన్‌లోనో సామాజిక మాధ్యమాల్లోనో ఆమె కదలికలపై కన్నేసి ఉంచడం వంటి చేష్టలు ఈ నేరం కిందికి వస్తాయి. స్టాకింగ్ అన్న ఇంగ్లిషు మాటకు తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదం లేదు. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది 'వెంటపడి వేధింపులు'. పాత వార్తల్లోని 'ఈవ్‌టీజింగ్' అన్న మాట దారిన పోతూ ఒకసారి విసిరిన కూతనూ నెలల తరబడి సాగే వెంబడింపునూ ఒకే గాట కడుతుంది. అందుకే ఈ వ్యాసంలో దాన్ని వాడలేదు.

చట్టం వచ్చిన దారి

దీనిపై తొలి చట్టం ఎక్కడిదన్న విషయంలో రెండు వాదాలున్నాయి. డెన్మార్క్ 1933లోనే ఇలాంటి నిబంధన చేసిందని కొందరు రాస్తారు. ఈ పేరుతో, ఈ అర్థంలో చేసిన మొదటి చట్టం కాలిఫోర్నియాదన్నది ఎక్కువమంది మాట. 1989లో ఒక యువనటిని ఆమె వెంటపడుతూ వచ్చిన వ్యక్తి కాల్చి చంపాక 1990లో ఆ చట్టం చేశారు. అది అమల్లోకి వచ్చింది 1991లో కాబట్టి కొన్ని గ్రంథాల్లో ఆ ఏడాదే కనిపిస్తుంది. నేటి చట్టాలకు నమూనా అయినది కాలిఫోర్నియా చట్టమే కనుక దాన్నే మొదటిదిగా లెక్కించడం సబబు. జపాన్ చట్టం 2000లో వచ్చింది. దానికి ముందూ ఒక యువతి హత్య ఉంది.

మన దేశానికి ఈ నిబంధన రావడానికి 2013 దాకా పట్టింది. 1996 జనవరిలో దిల్లీలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని హత్యకు గురైంది. తోటి విద్యార్థి వెంటపడుతున్నాడని ఆమె అప్పటికే పోలీసులకు పలుమార్లు చెప్పుకుంది. రక్షణగా ఒక పోలీసును కూడా ఇచ్చారు. అప్పటి శిక్షాస్మృతిలో ఈ చేష్టకు సూటిగా సరిపోయే సెక్షనే లేదు. వరంగల్‌లో 2008 డిసెంబరు 10న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై జరిగిన యాసిడ్ దాడి వెనుకా ఇలాంటి వేధింపులే ఉన్నట్టు అప్పటి వార్తలు చెబుతాయి. నిందితులు ముగ్గురూ మూడు రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. దాంతో ఆ వేధింపులు ఎక్కడ మొదలై ఎలా ముదిరాయన్నది న్యాయస్థానంలో వారిపై విచారణగా నమోదయ్యే అవకాశమే లేకపోయింది.

2012 డిసెంబరులో దిల్లీలో జరిగిన సామూహిక అత్యాచార ఘటన తర్వాత ఏర్పడిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆపై ఫిబ్రవరి 3న ఆర్డినెన్సు, ఏప్రిల్‌లో చట్టం వచ్చాయి. వెంటపడటాన్ని నేరంగా చేర్చిన శిక్షాస్మృతి 354-డి సెక్షన్ ఏ తేదీ నుంచి అమల్లో ఉందన్న గందరగోళం ఇక్కడే పుట్టింది. చట్టమే తనను ఫిబ్రవరి 3 నుంచి అమలైనట్టు భావించాలని చెప్పుకుంది కనుక ఆ తేదీనే తీసుకోవాలి. అయితే రెండు పాఠాలూ ఒకటి కావు. ఆర్డినెన్సు ఎవరు ఎవరి వెంటపడినా నేరమంది. చట్టంలో అది పురుషుడు స్త్రీ వెంటపడటానికి పరిమితమైంది. ఆ మార్చిలో లోక్‌సభ చర్చలో ఒక సీనియర్ సభ్యుడు, మనలో అమ్మాయిల వెంటపడనివారెవరన్న ధోరణిలో మాట్లాడారు. మొదటి నేరం చివరికి బెయిలబుల్‌గా మిగిలింది.

2024 జూలై 1 నుంచి ఇదే నిబంధన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉంది. మొదటిసారి శిక్ష పడితే మూడేళ్ల దాకా జైలు. రెండోసారైతే అయిదేళ్ల దాకా, అదీ నాన్‌బెయిలబుల్. సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. అయిష్టం స్పష్టంగా తెలిపినా పదేపదే వెంటపడి మాట కలపబోవడం మొదటిది. ఇంటర్నెట్, ఈమెయిల్ వంటి వాటిలో స్త్రీ ఏం చేస్తోందో గమనించడం రెండోది. 'పదేపదే' అన్న షరతు మొదటి భాగానికే ఉందన్న సంగతి చాలామంది దృష్టికి రాదు. నేర నివారణ బాధ్యతను ప్రభుత్వం అప్పగించిన వ్యక్తికి మినహాయింపు ఉంది.

వెంటపడేదెవరు

ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు పాల్ మలెన్, ఆయన సహచరులు 1999లో చేసిన వర్గీకరణ ఇప్పటికీ చెల్లుబాటులో ఉంది. తిరస్కారాన్ని తట్టుకోలేనివాడు, ఎదుటివారికి తనపై ప్రేమ ఉందని ఊహించుకునేవాడు, చనువు కోరి దాన్ని పొందే తీరు తెలియనివాడు, పగబట్టినవాడు, దాడికి పొంచి ఉన్నవాడు అని వారు అయిదు రకాలు చెప్పారు. ముక్కూమొహం తెలియనివాడే ప్రమాదకారి అని జనం అనుకుంటారు. ఒకప్పటి భర్త, ప్రేమికుడు వంటి దగ్గరివాళ్ల విషయంలోనే హింస భయం ఎక్కువని పరిశోధనలు సాధారణంగా చెబుతున్నాయి. మన సినిమాల్లో నాయకుడు చేసే పని మాత్రం దశాబ్దాలుగా మూడో రకానిది. ఆమె కాదన్నకొద్దీ వెంటపడితే ప్రేమ దక్కుతుందని తెర మీద చూస్తూ పెరిగిన తరాలు మనవి. దాని ప్రభావాన్ని కొలవడం కష్టమే. లేదని కొట్టేయడం మాత్రం సరికాదు.

గుర్తుపట్టడం

ఒకే మనిషి ఒకసారి బస్టాపులో కనబడటం పెద్ద విషయం కాదు. అదే మనిషి కాలేజీ గేటు దగ్గర, మరో రోజు కోచింగ్ సెంటర్ సందులో, ఇంకో రోజు బంధువుల ఊళ్లో కనబడితే లెక్క మారుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని చోట్లలో, వేళల్లో ఎదురుపడటమే ఇక్కడ గమనించాల్సింది. వెనక ఎవరో వస్తున్నారన్న అనుమానం కలిగితే రోడ్డు దాటి అవతలికి వెళ్లడం, నడక వేగం మార్చడం, ఏదైనా షాపులోకి వెళ్లి కాసేపు ఆగడం తేలికైన పరీక్షలు. దారిన పోయే మనిషి తన దారిన పోతాడు. బండి మీదో కారులోనో ఉంటే వరుసగా నాలుగుసార్లు ఒకే వైపు తిరిగితే సుమారుగా బయల్దేరిన చోటికే వస్తాం. అప్పటికీ వెనక అదే బండి ఉంటే దాని నంబరు గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్ మీద నిఘాకు బయటికి కనిపించే గుర్తు తక్కువ. బ్యాటరీ త్వరగా అయిపోవడం, ఫోన్ వేడెక్కడం చాలా కారణాల వల్ల జరుగుతాయి. ఎవరికీ చెప్పని సంగతులు వెంటపడేవాడికి తెలిసిపోతున్నాయా అన్నదే అంతకన్నా నమ్మదగిన సూచన. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' జాబితా, గూగుల్ ఖాతా తెరిచి ఉన్న పరికరాల వివరం, లొకేషన్ ఎవరితో పంచుకుంటున్నామన్న సెట్టింగ్ ముందుగా చూడాల్సినవి. ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021లో వచ్చాక బ్యాగులోనో బండిలోనో ట్రాకర్ దాచే పద్ధతి పెరిగిందన్న ఆందోళన మొదలైంది. తెలియని ట్రాకర్ వెంట కదులుతుంటే ఐఫోన్‌తోపాటు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ హెచ్చరిక వచ్చే ఉమ్మడి ఏర్పాటును ఆపిల్, గూగుల్ 2024 మే నెలలో తెచ్చాయి.

స్పందన

వెంట వస్తున్నాడని తేలితే నేరుగా ఇంటికి వెళ్లకూడదు. ఇల్లు చూపించినట్టవుతుంది. పెట్రోల్ బంకు, మందుల షాపు, గుడి వంటి జనం ఉన్న చోటికి చేరి 112కు ఫోన్ చేయడం మేలు.

సమాధానం ఇవ్వాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అసలు పలకవద్దని కొందరంటారు. ముప్ఫై ఫోన్లకు ఓర్చి ముప్ఫై ఒకటోదానికి బదులిస్తే, అన్నిసార్లు చేస్తే పలుకుతుందని నేర్పినట్టే అన్నది గావిన్ డి బెకర్ 1997లో రాసిన పుస్తకంలోని ప్రసిద్ధ వాదన. మన సెక్షన్ అయిష్టం స్పష్టంగా తెలియజేయడాన్ని అడుగుతోంది కనుక, ఇష్టం లేదని ఒకే ఒక్కసారి, కారణాలు చెప్పకుండా, వీలైతే రాతపూర్వకంగా తెలిపి ఆపై పూర్తిగా మౌనంగా ఉండటం ఇక్కడి పరిస్థితికి తగినది. ఆ మెసేజే తర్వాత సాక్ష్యమవుతుంది.

తేదీ, వేళ, చోటు, చూసినవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టాలి. చిరాకుతో మెసేజీలు చెరిపేయడం తరచూ జరిగే పొరపాటు. స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనబడాలి, అసలు ఫోన్‌నూ దాచాలి. నిఘా యాప్ దొరికితే వెంటనే తీసేస్తే సాక్ష్యం పోతుంది, పెట్టినవాడికీ తెలిసిపోతుంది. అతను ఇంట్లోవాడే అయితే అది ప్రమాదం కూడా. వేరే ఫోన్ నుంచి సాయం అడగడం ఉత్తమం. మహిళా హెల్ప్‌లైన్ 181, సైబర్ ఫిర్యాదులకు 1930 ఉన్నాయి.

ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారన్న భయంతో ఎందరో అమ్మాయిలు నోరు విప్పరు. వెంటపడేవాడికి ఆ మౌనమే అండ. తప్పు చేసినవాణ్ని వదిలి అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదని పెద్దలు గట్టిగా తెలుసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో

మహిళల రక్షణకు పోలీసులు ఏర్పాటు చేసిన షీ టీమ్స్ హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి. తెలంగాణ అంతటికీ విస్తరించింది 2015లో. రెండు తేదీలూ 'ప్రారంభం'గానే ప్రచారంలో ఉన్నాయి. మఫ్టీలో బస్టాపులు, కాలేజీల దగ్గర నిలబడి వీడియో తీసి పట్టుకోవడం వీరి పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళలపై నేరాలకు సంబంధించిన 2019 దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ పేరుతో వచ్చిన యాప్ మాత్రం కొన్నేళ్లు నడిచింది.

పట్టుబడినవారిలో చాలామందిని, ముఖ్యంగా మైనర్లను, తల్లిదండ్రుల ముందు కౌన్సెలింగ్ చేసి పంపుతారు. కొందరిని బైండోవర్ చేస్తారు, అంటే సత్ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకుంటారు. కుర్రవాడి భవిష్యత్తు దృష్ట్యా దీన్ని సమర్థించేవారున్నారు. అయితే సెక్షన్‌లో రెండోసారి అంటే రెండోసారి శిక్ష పడటం. కౌన్సెలింగ్‌తో ముగిసిన సంఘటన శిక్షగా ఎక్కడా నమోదు కాదు. మరుసటి ఏడాది అతను అదే అమ్మాయి వెంటపడినా చట్టం దృష్టిలో అది మొదటి నేరమే, బెయిలబులే.