కంప్యూటర్ ఇంజనీరు కావడం ఎంత కష్టం? తెలుగు బడి పిల్లల కోసం కొంత చరిత్ర



ఐదవ తరగతి ముగిసే వేళకు హోసూరు ప్రాంతపు తెలుగు పంతుళ్ళందరికీ ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది. "అయ్యవారూ, మావాణ్ణి కంప్యూటర్ ఇంజనీరును చెయ్యాలని ఉంది. ఇంకా తెలుగు బడిలోనే ఉంచితే ఎట్లా?" ఇట్లా అడిగే తండ్రిని నేను తప్పు పట్టను. సరిహద్దు దాటి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోతే బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీ. ఉదయం కంపెనీ బస్సు ఎక్కే యువకులను అతడు రోజూ చూస్తున్నాడు. అయితే ఆ చదువులో కష్టం ఎక్కడ ఉన్నదో తెలుసుకోకుండా బడి మార్చితే రోగమొకటి, మందొకటి అవుతుంది. అందుచేత కొంచెం వెనుకకు వెళ్ళి చూద్దాము.

మొదట కష్టమంతా యంత్రం వద్దనే ఉండేది. ముంబయిలోని టాటా మూలపరిశోధన సంస్థలో రంగస్వామి నరసింహన్ గారి నాయకత్వాన మన దేశస్థులే ఒక కంప్యూటరును నిర్మించారు. 1960లో పూర్తిగా పనిచేయసాగిన ఆ యంత్రానికి 1962లో నెహ్రూగారు టిఫ్రాక్ అని నామకరణం చేశారు. అందులో సుమారు 2,700 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. జ్ఞాపకశక్తి మాత్రం 2,048 పదాలు. దానిని నిర్మించిన నాటికి మన దేశంలో కంప్యూటర్ ఇంజనీరింగు అనే పట్టాయే లేదు. తక్కిన శాస్త్రాలు చదివినవారే చేస్తూ నేర్చుకున్నారు.

1963లో కాన్పూరు ఐఐటీకి ఐబీఎం 1620 యంత్రం వచ్చింది. ఆనాటి విద్యార్థి ప్రోగ్రామును కాగితంపై వ్రాసి, కార్డులకు రంధ్రాలు కొట్టించి, తన వంతు కోసం వేచి ఉండవలసివచ్చేది. ఒక్క కామా తప్పినా మళ్ళీ మొదటికే. అక్కడ 1971లో ఎం.టెక్., 1978లో బి.టెక్. స్థాయిలో కంప్యూటర్ చదువు మొదలైంది. మన హైదరాబాదులో 1967లో స్థాపించబడిన ఇసిఐఎల్ దేశీయంగా టిడిసి శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. ఇవన్నీ ఘనమైన పనులే గాని, పల్లెటూరి పిల్లవానికి ఆ యంత్రాన్ని తాకే అదృష్టం ఉండేది కాదు.

తరువాత కష్టం సీటు వద్దకు మారింది. 1980ల తరువాత ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. వాటితోబాటు క్యాపిటేషన్ ఫీజు అనే పీడ పెరిగింది. కర్ణాటకకు సంబంధించిన మోహినీ జైన్ వ్యాజ్యంలో 1992లోనూ, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించిన ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో 1993లోనూ సుప్రీంకోర్టు దానిని ఖండించింది. తమిళనాడులో 1984–85 నుండి ప్లస్ టూ మార్కులకు తోడు ప్రవేశ పరీక్ష కూడా వచ్చింది. దానికి శిక్షణ పట్టణాలలోనే దొరికేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వద్ద చదివిన ఒక రైతుబిడ్డ గణితంలో తరగతికి మొదటివాడు. శిక్షణకు పంపే స్తోమత ఇంట్లో లేక ఆ పరీక్షలో వెనుకబడ్డాడు. అతని ఓటమికి తెలుగు కారణం కాదు, బస్సు ఛార్జీ కారణం.

ఇక నేటి సంగతి. తమిళనాడులో ఆ ప్రవేశ పరీక్ష 2007–08 నుండి రద్దయింది. ఇప్పుడు ఇంజనీరింగు ప్రవేశానికి లెక్కించేది 200 మార్కులు: గణితానికి 100, భౌతిక శాస్త్రానికి 50, రసాయన శాస్త్రానికి 50. దయచేసి ఈ లెక్కను మరొకసారి చదవండి. అందులో ఇంగ్లీషు మార్కు ఒక్కటీ లేదు.

అంతేకాదు. ఆరు నుండి పన్నెండు వరకు ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వృత్తివిద్యా కోర్సులలో 7.5 శాతం సీట్లు ప్రత్యేకించే చట్టం 2021లో వచ్చింది. ఆ సీట్లు పొందినవారి బోధన రుసుము, వసతిగృహ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని అదే సంవత్సరం ప్రకటించారు. ఆరవ తరగతిలో ప్రభుత్వ తెలుగు బడి మాన్పించి ప్రైవేటు బడిలో వేసే తండ్రి, ఏటేటా ఫీజు కట్టి మరీ ఈ అవకాశాన్ని వదులుకుంటున్నాడు!

మరి కష్టం లేదా? ఉన్నది. అది ఇప్పుడు గేటు వద్ద గాక తరగతి గదిలోపల ఉన్నది. సీటు దొరికినంత సులభంగా చదువు దొరకదు. సమస్యను ముక్కలు చేయడం, వరుస తప్పకుండా ఆలోచించడం, నియమాన్ని ఖచ్చితంగా పలకడం, ఈ మూడూ రానివాడు ఏ మాధ్యమంలో చదివినా ప్రోగ్రాము వ్రాయలేడు. ఈ మూడింటికీ పునాది పడేది పదేళ్ళ వయస్సులో, అర్థమయ్యే భాషలో.

తెలుగు పంతుళ్ళమైన మనకు ఇందులో పాత్ర లేదనుకోకండి. ఛందస్సు చెప్పేటప్పుడు గురువు, లఘువు అని రెండే గుర్తులు ఇస్తాము. ఒక అక్షరానికి రెండు అవకాశాలు, రెండక్షరాలకు నాలుగు, మూడక్షరాలకు ఎనిమిది. అందుకే య, మ, త, ర, జ, భ, న, స అని గణాలు ఎనిమిదే అయ్యాయి. తొమ్మిదవది ఎందుకు లేదో పిల్లవాడు స్వయంగా కనిపెట్టేటట్లు చేయండి. కంప్యూటరు కూడా సున్న, ఒకటి అనే రెండే గుర్తులతో నడుస్తుంది. టిఫ్రాక్‌లో ఒక్కొక్క పదానికి అటువంటి గుర్తులు 40. ఉకార సంధినే చూడండి. మొదటి పదం చివర ఉకారం ఉన్నదా? ఉంటే, తరువాతి పదం అచ్చుతో మొదలైనదా? అయితే ఉకారాన్ని తీసివేసి కలుపు. రాముడు, అతడు కలిసి రాముడతడు. ప్రోగ్రాములోని షరతు కూడా సరిగ్గా ఇదే రూపంలో ఉంటుంది. బట్టీ పట్టించితే ఇది వ్యాకరణం మాత్రమే, ఆలోచింపజేస్తే ఇంజనీరింగుకు తొలిమెట్టు.

ఇంగ్లీషు అక్కరలేదని నేను చెప్పడం లేదు. అలా చెప్పడం పిల్లలకు ద్రోహం. కళాశాలలో పుస్తకాలు, పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాధ్యమం నుండి వెళ్ళిన పిల్లలు మొదటి సంవత్సరం తల్లడిల్లడం మనకు తెలిసినదే. జేఈఈ మెయిన్ 2021 నుండి తెలుగులోనూ జరుగుతున్నది గాని, తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్ర, తెలంగాణ కేంద్రాలలోనే లభిస్తుంది. పైగా 2006 చట్టం వలన మన పిల్లలు తమిళం కూడా నేర్వవలసియున్నది. మూడు భాషల బరువు మోయవలసిన బిడ్డకు ముందు ఒక భాషలోనైనా కాళ్ళు నిలదొక్కుకోవాలి.

కాబట్టి ఉపాధ్యాయులారా, ఆరవ తరగతి నుండి గణిత, విజ్ఞాన పదాలను తెలుగు, ఇంగ్లీషు రెండింటా పలికించండి. కారణాంకం అన్నప్పుడే ఫ్యాక్టర్ అనీ, సమీకరణం అన్నప్పుడే ఈక్వేషన్ అనీ వ్రాయించండి. రోజుకు ఐదు మాటలు చాలు. తల్లిదండ్రులారా, బడి మార్చే ముందు బిడ్డ లెక్కల నోటుపుస్తకం తెరచి, "ఈ లెక్క ఎందుకిలా చేశావు?" అని ఇంటి మాటలో అడగండి. తడబడకుండా చెప్పగలిగితే మీ బిడ్డ సరైన దారిలోనే ఉన్నాడు. చెప్పలేకపోతే రండి, బడి పేరు కాదు, ఆ లెక్కను సరిచేద్దాము.