ఓడలోని చిన్న గది



1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీ యనగానే మా యింటి పెద్దలకు విశాఖపట్టణపు హార్బరుపై పడిన జపాను బాంబులు జ్ఞప్తికి వచ్చెడివి. జనులు మూటాముల్లె కట్టుకొని విజయనగరము వైపునకును, లోపలి పల్లెలకును పోయిన కథలు చిన్నతనమున నేనెన్నియో వింటిని. కాని ఆ దినముననే మన తీరమునకు ఆవల సముద్రము మీద జరిగినదానిని మాత్ర మెవ్వరును చెప్పలేదు. నేడు దానినే ముచ్చటింపదలచితిని.

ముందటి దినమున, ఈస్టరు ఆదివారమునాడు, జపాను విమానములు కొలంబోను కొట్టెను. రెండు పెద్ద బ్రిటిషు క్రూజరులు మునిగెను. బంగాళాఖాతమును కాపాడదగిన నౌకాబలము లేకపోయెను. కలకత్తా రేవు విడిచిన సరకుల ఓడలు యుద్ధనౌకల తోడు లేకయే వచ్చుచుండెను. ఓజావా అను నౌకాధిపతి ర్యూజో అను విమానవాహక నౌకతోడను, క్రూజరులతోడను వానిపై బడెను. 20కి పైగా ఓడలు మునిగిపోయినవి. మాల్డా, ఇందోరా, గాండారా, గాంజెస్ వానిలోనివి. గాంజెస్ యజమానులగు నోర్సు కంపెనీవారే ఒకప్పుడు మన జిల్లాల కూలీలను ఫిజీ దీవులకు చేర్చినవారు.

ఇట్టి ఓడలలో వైర్లెస్ ఆపరేటరునకు ఒక చిన్న గది యుండెడిది. యుద్ధకాలమున ఆపరేటర్లు చాలక, పదునెనిమిదేండ్లు నిండీ నిండని బాలురు కొలది నెలల చదువుతో ఓడ నెక్కిరి. వారికి జీతమిచ్చునది పలుమారు ఓడ యజమాని గాక మార్కోని కంపెనీ. కావున ఆపరేటరు ఓడలో సగము అధికారి, సగము పరాయివాడు.

వాని పని పలుకుట కాదు, వినుట. జాడ తెలియకుండుటకై ఓడలన్నియు మౌనము పట్టినవి. 500 కిలోసైకిల్సు మీద చెవియొగ్గి యతడు గంటల తరబడి కూర్చుండవలెను. గోడ గడియారము మీద 15 నుండి 18 వరకును, 45 నుండి 48 వరకును ఎర్రరంగు పూసియుండెడిది. ఆ మూడేసి నిమిషములు ఏ యోడయు మీట ముట్టక, ఎక్కడనైన ఆర్తనాదము సన్నగా వినబడునేమో యని ఆలకింపవలెను.

నెలల తరబడి మూగయైన యా యువకునికి పలుకవలసిన క్షణ మొక్కటే. విమానము కొట్టినచో ‘ఏ’ అను అక్షరము నాలుగు మారులు: చుక్క, గీత, చుక్క, గీత. యుద్ధనౌక కొట్టినచో ‘ఆర్’ నాలుగు మారులు. పిమ్మట ఓడ పేరు, అక్షాంశ రేఖాంశములు. నేడు నా మాటను మీ యింటికి తెచ్చు తరంగముల జాతివే వానిని మోసినవి. ఆ కబురు వానికంటె వెనుక వచ్చు ఓడలకే ఎక్కువ మేలు చేయును. శత్రువునకు నిది తెలియును గనుక మొదటి గుండ్లు తరచుగా వైర్లెస్ గదికే గురిపెట్టబడెడివి. తక్కినవారు పడవలు దింపుచుండగా మీట విడువరానివా డతడు. దీనిని శౌర్యమని ఊరకే పొగడుటకు నాకు నోరు రాదు. అంత చిన్నవానిపై ఆ బరువు మోపినవారు పెద్దలు.

ఆ యుద్ధమున 6,000కు మించిన భారతీయ నావికులు, అనగా కళాసీలు, బొగ్గువేయువారు, వంటవారు, తిరిగి రాలేదు. వారిలో సముద్రము పాలైనవారికి గోరీలు లేవు. బొంబాయిలోను, చిట్టగాంగులోను ఉంచిన స్మారకగ్రంథములలో పేళ్లు మాత్ర మున్నవి.

1999 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఆపదను ఉపగ్రహముల సాయముతో తెలుపు పద్ధతి పూర్తిగా అమలులోనికి వచ్చినది. 500 కిలోసైకిల్సు మీది కావలి ముగిసినది. ఎర్రరంగు పూసిన ఆ గడియారములు ఇపుడు పాతసామానుల అంగళ్లలో దొరకుచున్నవి.