నీటికీ ఎముకకూ మధ్య రక్తం: నల్లగొండ పరిశోధనల చరిత్ర

ప్రజారోగ్య చరిత్రను మీరు ఇంతవరకు అంటువ్యాధుల వైపు నుంచి చదివారు. అక్కడ క్రిమి దొరికితే వాదన చాలావరకు ముగుస్తుంది. అంటని వ్యాధుల్లో అలా కాదు. పొగతాగేవారికి, స్థూలకాయులకు, అధిక రక్తపోటు ఉన్నవారికి మూత్రపిండాల క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువని వైద్యులకు తెలుసు. అయితే నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు ప్రభావం మూత్రపిండంలోని కణానికి ఎలా చేరుతుంది? ఆ మధ్యవర్తిని నేటి పరిశోధకులు రక్తంలోని ప్రోటీన్లలో వెతుకుతున్నారు. ఇలాంటి వెతుకులాటే అర్ధశతాబ్దం క్రితం నల్లగొండలో మరో వ్యాధి విషయంలో జరిగింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాల్లో భూమి అడుగున గ్రానైటు రాయి ఉంది. దానిలోని ఫ్లోరైడు బావినీటిలో కరుగుతుంది. మనదేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్ బృందం నాటి నెల్లూరు జిల్లాలో వర్ణించింది. నల్లగొండ జిల్లా రోగులపై ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. వెన్ను బిగుసుకుపోయి వంగలేని పెద్దలే అప్పటి వర్ణనల్లో ప్రధానంగా కనిపిస్తారు. వారి ఎముకలు మామూలు కంటే గట్టిపడ్డాయి. కారణం నీరే అని తేలింది కనుక కథ ముగిసినట్లే అనిపించింది.

కాని ముగియలేదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో రూపాన్ని ప్రకటించారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని, పాదాలు ఎడంగా జరిగిపోతున్నాయి. ఎముకలు గట్టిపడటానికి బదులు గుల్లబారుతున్నాయి. ఒకే ఫ్లోరైడు రెండు విధాలుగా ఎలా పనిచేసింది? జొన్న ప్రధానమైన ఆహారం, నీటిలోని సూక్ష్మలోహాలు చర్చకు వచ్చాయి. నా దృష్టిలో అసలు మలుపు మాత్రం రక్తపరీక్షతో వచ్చింది.

మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఒక చిన్న ప్రోటీన్ హార్మోనును విడుదల చేస్తాయి. ఫ్లోరైడు వల్ల కాల్షియం ఎముకలో చిక్కుకుపోతే, పైగా తిండిలోనూ కాల్షియం తక్కువైతే, రక్తంలో దాని మట్టం పడిపోబోతుంది. అప్పుడు ఈ హార్మోను పెరిగి ఎముక నుంచి కాల్షియాన్ని లాగుతుంది, మూత్రపిండం దాన్ని వదలకుండా ఆపుతుంది. రక్తంలో ఈ హార్మోనును కొలిచే పద్ధతిని 1963లో బెర్సన్, యాలో తదితరులు అమెరికాలో రూపొందించారు. 1976లో శివకుమార్, కృష్ణమాచారి ఈ మోకాళ్ల వంకర రోగుల రక్తంలో దాన్ని కొలిచారు. అది పెరిగి ఉంది. నీటికీ ఎముకకూ మధ్య ఒక మెట్టు కనిపించింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఫ్లోరైడు నీరు మూత్రపిండాల క్యాన్సర్‌ను తెస్తుందని ఈ చరిత్ర చెప్పదు. మీ ఊళ్లో ఎవరైనా అలా అంటే ఆధారం అడగండి. రెంటికీ పోలిక పద్ధతిలోనే ఉంది.

పోలికతో పాటు తేడా కూడా ఉంది. నల్లగొండలో రక్తం తీసింది కాళ్లు వంగిన తరువాత. హార్మోను ముందు పెరిగిందా, వ్యాధి ముదిరాక పెరిగిందా అన్నది ఆ ఒక్క కొలతతో తేలదు. ఐరోపాలో 1990లలో లక్షలాది మంది రక్తాన్ని వారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే సేకరించి భద్రపరిచారు. తరువాత వారిలో కొందరికి మూత్రపిండాల క్యాన్సర్ వచ్చింది. పాత నమూనాలను తీసి చూస్తే, మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు పెరిగే కిమ్-1 అనే ప్రోటీన్ రోగనిర్ధారణకు కొన్నేళ్ల ముందే వారిలో ఎక్కువగా ఉందని 2018లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. అయినా సందేహం తీరదు. అది వ్యాధిని తెచ్చిందా, అప్పటికే దాగి ఉన్న కణితి వదిలిన జాడా? అందుకే నేటి పరిశోధకులు పుట్టుకతో వచ్చే జన్యుభేదాలను ఆధారం చేసుకుంటున్నారు. ఒక ప్రోటీన్‌ను పుట్టుక నుంచే ఎక్కువగా తయారుచేసే జన్యువు ఉన్నవారికి వ్యాధి కూడా ఎక్కువగా వస్తుందా అని చూస్తారు. జన్యువు వ్యాధి కంటే ముందే ఉంటుంది కనుక, ఏది ముందు అన్న ప్రశ్నకు నల్లగొండ పిల్లల రక్తం ఇవ్వలేని జవాబును ఈ పద్ధతి కొంతవరకు ఇవ్వగలదు.