పిల్లిని పెంచుకోవాలనుకుంటున్నారా? ఏ జాతి ఏ ఇంటికి సెట్ అవుతుందో ముందే తెలుసుకోండి..

ఇన్‌స్టాలో ఒక్క రీల్ చాలు.. గుండ్రటి మొహం, గుబురు తోక, నీలి కళ్ల పిల్లి కూనను చూసి మనసు పారేసుకునేవాళ్లు ఎందరో. వెంటనే ఆన్‌లైన్‌లో వెతకడం, అడ్వాన్స్ పంపడం, ఇంటికి తెచ్చేసుకోవడం చకచకా జరిగిపోతాయి. కష్టాలు ఆ తర్వాతే మొదలవుతాయి. సోఫా నిండా వెంట్రుకలు, ఎండాకాలంలో పిల్లికి ఆయాసం, అర్ధరాత్రి అరుపులు. చివరికి విసిగిపోయి బయట వదిలేస్తే, వీధిలో బతకడం తెలియని ఆ మూగజీవి ప్రాణాల మీదకే వస్తుంది.

ఇంట్లో పెరిగే పిల్లి సాధారణంగా 12 నుంచి 15 ఏళ్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే బతుకుతుంది. అంటే ఇప్పుడు ఒకటో తరగతి చదువుతున్న పిల్లాడు ఇంజినీరింగ్ పూర్తి చేసేదాకా అది ఇంట్లో మనిషిలా ఉంటుందన్నమాట. అందుకే అందం చూసి కాదు.. ఇల్లు, టైమ్, వాతావరణం చూసి జాతిని ఎంచుకోవాలి.

ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

పగలంతా ఇంట్లో ఎవరైనా ఉంటారా? రోజూ పది నిమిషాలు కూర్చుని పిల్లికి బొచ్చు దువ్వే ఓపిక ఉందా? మే నెలలో మీ ఇల్లు ఎంత వేడెక్కుతుంది? ఈ మూడింటికి నిజాయితీగా సమాధానం చెప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

పర్షియన్: అందం ఎక్కువ, పనీ ఎక్కువే

మన దగ్గర చాలామంది మొదట అడిగేది ఈ పిల్లినే. నెమ్మదిగా ఉంటుంది, ఎక్కువ గంతులు వేయదు. కానీ పొడవాటి బొచ్చును రోజూ దువ్వకపోతే ఉండలు కట్టేస్తుంది. ఉండల కింద చర్మం పుండ్లు పడుతుంది. మొహం చప్పిడిగా ఉండటం వల్ల కళ్ల నుంచి నీరు కారుతుంటుంది, రోజూ తుడవాలి. మార్కెట్లో 'పంచ్ ఫేస్' పేరుతో అమ్మే బాగా నొక్కుకుపోయిన ముక్కు పిల్లులకు ఊపిరి తీసుకోవడమే కష్టం. తెలుగు రాష్ట్రాల్లో 40 డిగ్రీలు దాటే ఎండల్లో వీటికి చల్లటి గది తప్పనిసరి. తీసుకోవాలనే ఉంటే ముక్కు కాస్త బయటకు ఉండే 'డాల్ ఫేస్' రకం నయం. ఈ జాతిలో కిడ్నీల్లో నీటి తిత్తులు వచ్చే వంశపారంపర్య జబ్బు కూడా కనిపిస్తుంది. తల్లిదండ్రులకు జీన్ టెస్ట్ చేయించారా అని అమ్మేవాళ్లను అడగండి.

సయామీస్: మాటకారి పిల్లి

థాయ్‌లాండ్ నుంచి వచ్చిన జాతి ఇది. పొట్టి బొచ్చు కాబట్టి దువ్వే పని తక్కువ. పుట్టినప్పుడు తెల్లగా ఉండి, పెరిగేకొద్దీ చెవులు, మూతి, కాళ్లు, తోక నల్లబడతాయి. శరీరంలో చల్లగా ఉండే భాగాల్లోనే రంగు ముదరడం దీని ప్రత్యేకత. అయితే ఈ పిల్లి ఊరికే ఉండదు.. ఆకలేసినా, బోర్ కొట్టినా గట్టిగా అరుస్తూనే ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ పొద్దున వెళ్లి రాత్రి వచ్చే ఇంట్లో ఇది ఒంటరిగా ఉండలేదు. ఇంటి నిండా జనం ఉండే కుటుంబానికి బాగా కలిసిపోతుంది.

మెయిన్ కూన్, రాగ్‌డాల్: సైజు చూసుకోండి

రెండూ అమెరికా జాతులే. మెయిన్ కూన్ మగపిల్లి ఏడెనిమిది కిలోల దాకా పెరుగుతుంది. రాగ్‌డాల్‌ను ఎత్తుకుంటే గుడ్డ బొమ్మలా ఒళ్లు వదిలేస్తుంది, పేరు కూడా అలాగే వచ్చింది. స్వభావం మంచిదే. కానీ తిండి, లిట్టర్ బాక్స్, ఖర్చు అన్నీ పెద్దవే. గుండె కండరం మందంగా మారే జబ్బు ఈ జాతుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మెయిన్ కూన్ ఒత్తయిన బొచ్చు చలి ప్రాంతానికి తగ్గట్టు వచ్చింది. ఏసీ లేని ఇంట్లో దాన్ని పెంచాలనుకోవడం సాహసమే.

బెంగాల్: చిన్న ఫ్లాట్‌కు వద్దు

లెపర్డ్ క్యాట్ అనే అడవి పిల్లితో ఇంటి పిల్లిని కలిపి పుట్టించిన జాతి. చిరుతలాంటి మచ్చలు ఉంటాయి. అల్మారాల పైకి ఎక్కుతుంది, నీళ్లతో ఆడుతుంది, తలుపులు తీయడం కూడా నేర్చేసుకుంటుంది. రోజూ ఆడించే మనిషి లేకపోతే కర్టెన్లకు గ్యారెంటీ లేదు.

స్కాటిష్ ఫోల్డ్: ముద్దొచ్చే చెవుల వెనుక నొప్పి

సోషల్ మీడియాలో బాగా వైరల్ అయ్యే పిల్లి ఇదే. 1961లో స్కాట్లాండ్‌లో ఇలా చెవులు మడిచిన పిల్లిని మొదట గుర్తించారు. ఆ చెవులు మడతపడటానికి కారణం మృదులాస్థిలో ఉన్న జన్యు లోపం. అదే లోపం కాళ్లు, తోక కీళ్లను కూడా దెబ్బతీస్తుంది. అందుకే కొన్ని దేశాలు ఈ జాతి బ్రీడింగ్‌ను నిషేధించాయి. చాలా మంది వెటర్నరీ డాక్టర్లు దీన్ని కొనొద్దనే చెబుతారు. అలాంటి గుండ్రటి మొహమే కావాలనుకుంటే బ్రిటిష్ షార్ట్‌హెయిర్ చూడొచ్చు. అది ఒళ్లో కూర్చోదు కానీ, ఎవరి జోలికీ పోకుండా ప్రశాంతంగా ఉంటుంది.

నాటు పిల్లి: మన ఎండకు, మన ఇంటికి

ధర కట్టరు కాబట్టి చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. నిజానికి మన వాతావరణానికి బాగా తట్టుకునేది ఇదే. పొట్టి బొచ్చు, తెలివి, చురుకుదనం అన్నీ ఉన్నాయి. మనుషులు తయారు చేసిన జాతి కాదు కాబట్టి వంశపారంపర్య జబ్బుల బెడద కూడా తక్కువే. మొదటిసారి పిల్లిని పెంచాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఆప్షన్ లేదు. జంతు సంరక్షణ సంస్థల నుంచి అడాప్ట్ చేసుకోవచ్చు. ఇంకో మాట.. పిల్లి ఎదురొస్తే కీడన్న నమ్మకం ఇంట్లో పెద్దవాళ్లకు ఉంటే, ముందే మాట్లాడి ఒప్పించాకే తెచ్చుకోండి.

ఎలర్జీ ఉన్నవాళ్లకు సేఫ్ జాతి ఉందా?

'ఈ పిల్లితో ఎలర్జీ రాదు' అని చెప్పి అమ్మితే నమ్మొద్దు. ఎలర్జీకి కారణం వెంట్రుక కాదు.. పిల్లి లాలాజలం, చర్మంలో ఉండే ప్రొటీన్. బొచ్చే లేని స్ఫింక్స్ పిల్లిలోనూ అది ఉంటుంది. కొనేముందు ఆ పిల్లి ఉన్నచోట నాలుగైదు సార్లు గంటసేపు గడిపి చూడటం మంచిది.

కొనేటప్పుడు ఇవి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు

2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం 8 వారాలు నిండని పిల్లి కూనలను దుకాణాల్లో అమ్మకూడదు. షాపుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫొటో చూసి అడ్వాన్స్ పంపకుండా నేరుగా వెళ్లండి. కూన తల్లిని, అవి ఉన్న చోటును చూడండి. కళ్లకు పుసి, ముక్కు కారడం, తోక కింద తడి, ఆటలాడకుండా మూల కూర్చోవడం కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. వ్యాక్సిన్ కార్డులో డాక్టర్ సంతకం, తేదీలు ఉన్నాయో లేదో చెక్ చేయండి. ప్యాన్‌ల్యుకోపీనియా అనే వైరస్ సోకితే టీకా వేయని కూనలు రోజుల వ్యవధిలోనే చనిపోతాయి. దానికి టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలవుతుంది. రేబిస్ టీకా 12 వారాల తర్వాత వేస్తారు.

ఇంటికి తెచ్చాక..

ఏ జాతి అయినా పిల్లి మాంసాహారే. టారిన్ అనే పోషకం తిండిలో అందకపోతే చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. పెరుగన్నంతో సరిపెట్టడం కుదరదు, డాగ్ ఫుడ్ కూడా పనికిరాదు. పెద్ద పిల్లుల్లో చాలా వాటికి పాలు అరగవు. జ్వరమనుకుని పారాసిటమాల్ అసలు వేయొద్దు.. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీస్తుంది. లిల్లీ పూలు, ఉల్లి, వెల్లుల్లి కూడా విషమే.

అపార్ట్‌మెంట్ అయితే పిల్లి రాకముందే బాల్కనీకి, కిటికీలకు నెట్ వేయించండి. గర్భిణులు ఉంటే లిట్టర్ బాక్స్ శుభ్రం చేసే పని ఇంకొకరు చూసుకోవాలి. బాక్స్‌ను రోజూ క్లీన్ చేస్తే టాక్సోప్లాస్మా ఇన్‌ఫెక్షన్ ముప్పు బాగా తగ్గుతుంది. ఐదో నెల వచ్చేలోపు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి.

పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పుతున్నా, మగపిల్లి మూత్రం రాక ముక్కుతున్నా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పొద్దున చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోవచ్చు. అందుకే పిల్లిని వెతకడానికి ముందే, ఇంటికి దగ్గర్లో పిల్లులను చూసే వెటర్నరీ డాక్టర్ ఎవరున్నారో తెలుసుకుని నంబర్ సేవ్ చేసి పెట్టుకోండి.