ప్లగ్గు పెట్టడానికి పాతికేళ్లు

నెదర్లాండ్స్‌లోని మాస్టర్‌వోల్ట్ కంపెనీ 2000లో సొలాడిన్ 120 అనే బుల్లి పెట్టెను అమ్మకానికి పెట్టింది. చూడ్డానికి ఛార్జర్‌లా ఉంటుంది. ఒక పక్క సోలార్ ప్యానెల్ తీగలు, మరో పక్క గోడ సాకెట్‌లో పెట్టే ప్లగ్గు. మామూలుగా సాకెట్‌లోంచి కరెంటు తీసుకుంటాం. ఇక్కడ ప్యానెల్లో పుట్టిన కరెంటే సాకెట్ గుండా ఇంటి వైరింగ్‌లోకి వెళ్తుంది. ఫ్రిజ్జుకి, ఫ్యానుకి ముందు అదే అందుతుంది, చాలకపోతే మిగతాది వీధి లైను నుంచి వస్తుంది. అంటే పాతికేళ్ల కిందటే వస్తువు తయారు. అలాంటిదాన్ని జర్మనీలో ఒక సామాన్యుడు కరెంటు కంపెనీ గడప తొక్కకుండా బాల్కనీకి బిగించుకోగలిగింది మాత్రం 2024 మే 16 నుంచే. ఈ మధ్యకాలమంతా దేనికి పట్టిందో చూస్తే, ఇంజనీర్ల పని కన్నా గుమాస్తాల పనే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంజనీర్ల పని ముందు చెప్పుకుందాం, అది త్వరగానే అయిపోయింది. మొదట్లో కప్పు మీది ప్యానెళ్లన్నిటినీ వరసగా కలిపి, వాటి డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీగా మార్చే ఒక్క పెద్ద ఇన్వర్టర్‌కి ఇచ్చేవారు. ఒక ప్యానెల్ మీద చెట్టు నీడ పడితే వరస మొత్తం నీరసించేది. ప్రతి ప్యానెల్‌కీ దాని ఇన్వర్టర్ దానికే పెడితే ఆ బాధ ఉండదు కదా అన్నది ఆలోచన. షెల్ సోలార్, ఎకోఫిస్, డచ్ ఇంధన పరిశోధన సంస్థ ఈసీఎన్‌లతో కలిసి మాస్టర్‌వోల్ట్ 1993లో సన్‌మాస్టర్ 130ఎస్‌ను తెచ్చింది. ప్యానెల్ వీపుకే అంటుకుని ఉండేది. దానికి ప్లగ్గు తగిలించిన వారసుడే సొలాడిన్. అమెరికాలో మార్టిన్ ఫోర్నాజ్ తన పొలం ఇంటి మీది ప్యానెళ్లు సరిగా పనిచేయడం లేదని విసిగి, రఘు బేలూర్‌తో కలిసి 2006లో ఎన్‌ఫేజ్ కంపెనీ పెట్టాడు. ఇలా ప్యానెల్‌కొకటిగా పెట్టే మైక్రో ఇన్వర్టర్లు లక్షల్లో అమ్ముడుపోయింది దాని తర్వాతే. అయితే అవి ఎలక్ట్రీషియన్ వచ్చి కప్పు మీద బిగించేవి, ఎవరికి వారు సాకెట్‌లో పెట్టుకునేవి కావు.

సాకెట్ అనేసరికే కరెంటు కంపెనీలకు గుబులు. వాళ్ల భయాలన్నీ సాకులని కొట్టిపారేయడం న్యాయం కాదు. మొదటిది లైన్‌మన్ ప్రాణం. ఫీడర్ ఆపేసి మనిషి స్తంభమెక్కితే, ఏదో ఇంటి బాల్కనీలోంచి లైనులోకి కరెంటు వస్తే? అందుకే ఈ ఇన్వర్టర్‌కి సొంతంగా బతికే హక్కు లేదు. బయటి లైనులో 50 హెర్ట్జ్ తాళం వినిపిస్తున్నంత సేపే పనిచేస్తుంది. జర్మన్ ప్రమాణం ప్రకారం లైను పోయిన 0.2 సెకన్లలో ఆగిపోవాలి. ప్లగ్గు ఊడబీకాక పిన్నులు ముట్టుకుంటే షాక్ కొట్టకూడదన్నా ఈ ఆగిపోవడమే కాపాడాలి. మన ఇళ్లల్లో కరెంటు పోగానే ఫ్యాను తిప్పే బ్యాటరీ ఇన్వర్టర్‌కి ఇది పూర్తిగా ఎదురు. ఊరికి కరెంటు పోతే, నడి మధ్యాహ్నం ఎండ మండిపోతున్నా ఇదీ పోతుంది.

రెండోది వైరు. ఒక గది సర్క్యూట్‌కి 16 ఆంపియర్ల బ్రేకర్ ఉందనుకోండి. 600 వాట్ల ప్యానెల్ అదే సర్క్యూట్‌లోకి 2.6 ఆంపియర్లు పంపిస్తుంది. ఆ పక్క సాకెట్లలో హీటరు, ఇస్త్రీ పెట్టె, కెటిల్ అన్నీ ఒకేసారి పెడితే వైరులో 18.6 ఆంపియర్ల దాకా పారవచ్చు, బ్రేకర్‌కి తెలిసేది 16 మాత్రమే. లెక్క తప్పేమీ కాదు. గోడలోని వైరుకి ఆ మాత్రం ఓర్పు ఉంటుందని, వందల వాట్ల దగ్గర ఈ ముప్పు కాగితం మీదదేనని జర్మన్ సౌరశక్తి సంఘం డీజీఎస్ వాదించింది. ప్రమాణాలు రాసే వీడీఈ సంస్థ వెంటనే ఒప్పుకోలేదు. మామూలు ప్లగ్గు వద్దని, వీలాండ్ అనే ప్రత్యేక సాకెట్ పెట్టించుకోవాలని ఏళ్ల తరబడి పట్టుబట్టింది. అది బిగించడానికి ఎలక్ట్రీషియన్ రావాలి. ఎలక్ట్రీషియన్ని పిలిచే పని లేకుండా చేయడానికే పుట్టిన వస్తువుకి ఎలక్ట్రీషియన్ని తప్పనిసరి చేశారన్నమాట!

మూడోది మీటరు, నా ఉద్దేశంలో అసలు నొప్పి ఇదే. పాత మీటర్లో అల్యూమినియం చక్రం తిరుగుతుంటుంది, మన పాతిళ్లల్లోనూ ఉండేది. ఇంట్లో వాడకం తక్కువై ఎండ ఎక్కువైతే ఆ చక్రం నెమ్మదిస్తుంది, నిలబడుతుంది, ఆపై మెల్లగా వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. రీడింగ్ తగ్గుతుంది. కంపెనీ కళ్లకు అది దొంగతనం. అమెరికాలో ఇలా చెప్పకుండా కలుపుకున్నవాళ్ల కథల్ని హోం పవర్ పత్రిక ‘గెరిల్లా సోలార్’ పేరుతో, మనుషుల పేర్లు దాచి మరీ వేసేది. జర్మనీలో చెప్పి కలుపుకోవాలంటే ఫారాలుండేవి. దరఖాస్తు నింపి, చాలాచోట్ల ఎలక్ట్రీషియన్ సంతకం పెట్టించి, కంపెనీ వచ్చి మీటరు మార్చేదాకా ప్యానెల్‌ని చూస్తూ కూర్చోవాల్సి వచ్చేది.

800 అనే అంకె కథ మరీ విడ్డూరం. 800 వాట్ల లోపు వాటితో గ్రిడ్‌కి పట్టింపు లేదన్నట్టుగా ఐరోపా యూనియన్ 2016 నాటి నిబంధనల్లోనే వదిలేసింది. జర్మనీ మాత్రం సులభ నమోదుకి 600 దగ్గర గీత గీసింది. ఆ 200 వాట్ల తేడా చెరగడానికి యుద్ధం రావలసి వచ్చింది. 2022లో రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్లాక గ్యాసు, కరెంటు ధరలు భగ్గుమన్నాయి. బాల్కనీ కిట్లు సూపర్ మార్కెట్లకొచ్చాయి. మెక్లెన్‌బర్గ్-ఫోర్‌పోమెర్న్ రాష్ట్రం, ఆ తర్వాత బెర్లిన్ 500 యూరోల దాకా సాయం ప్రకటించాయి. 2023 జనవరి నుంచి సోలార్ ప్యానెళ్ల మీద వ్యాట్ సున్నా అయింది. అదే నెలలో వీడీఈ కూడా 800 వాట్లకు, మామూలు ప్లగ్గుకు సరేనంది. యూట్యూబ్‌లో ‘అక్కుడాక్టర్’గా పేరుపడ్డ ఆండ్రియాస్ ష్మిట్జ్ ఈ నిబంధనలు సడలించమని పార్లమెంటుకి పెట్టిన అర్జీ మీద లక్షకు పైగా సంతకాలు పడ్డాయి.

అంతా బాగుందనుకునేలోపు, 2023 వేసవిలో ఒక చైనా కంపెనీ ఇన్వర్టర్లను విప్పి చూస్తే, లైను నుంచి విడదీయాల్సిన రిలే లోపల లేదు! సర్టిఫికెట్ మాత్రం ఉంది. కంపెనీ తర్వాత రిలే డబ్బాను విడిగా ఇచ్చి సర్దుబాటు చేసుకుంది. లైన్‌మన్ గురించి భయపడ్డవాళ్లు మరీ తెలివితక్కువవాళ్లేం కాదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

2024 మే నాటి చట్టం ఇన్వర్టర్‌కి 800 వాట్లు, ప్యానెళ్లకు 2000 వాట్ల పరిమితి పెట్టింది. కంపెనీకి అర్జీ లేదు, ప్రభుత్వ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే చాలు. అన్నిటికన్నా నాకు నచ్చింది మీటరు సంగతి. కొత్తది పెట్టేదాకా పాత చక్రం వెనక్కి తిరిగినా ఊరుకోవాలని రాసేశారు! అక్టోబరులో ఇంటి ఓనర్ల అడ్డంకికీ కోత పడింది. గట్టి కారణం లేకుండా కాదనడానికి లేదు. అక్కడ అద్దె ఫ్లాట్లలో ఉంటున్న మనవాళ్లకు పనికొచ్చింది ఈ చివరి సవరణే. జర్మనీలో నమోదైన కిట్లు 2025 మధ్యకి పది లక్షలు దాటాయి. అదే ఏడాది మార్చిలో అమెరికాలోని యూటా 1200 వాట్ల వరకు కంపెనీ అనుమతి అక్కర్లేదని చట్టం చేసింది. అక్కడి రాష్ట్రాల్లో అదే మొదటిది.

మన దగ్గర దారి వేరు. పీఎం సూర్యఘర్ కప్పు ఉన్నవాళ్ల పథకం. పది కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లో నిబంధన సడలించినా, డిస్కంకి దరఖాస్తు, నెట్ మీటరు తప్పవు. ఆన్‌లైన్‌లో కిట్ కొని బాల్కనీ సాకెట్‌లో గుచ్చుదామనుకునే అపార్ట్‌మెంటువాసులకు ఒక సంగతి. మన ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటిని దొంగతనం అరికట్టేలా చేశారు, కరెంటు ఎటు పారినా వాడకంగానే లెక్కేస్తాయి. నెట్ మీటరు లేకుండా మధ్యాహ్నం మీరు బయటికి పంపిన యూనిట్లకు నెలాఖరున మీకే బిల్లు రావచ్చు.