ఒకే తెర ముందు ఇద్దరు

పులిజూదము ఆడవలెనన్న ఇద్దరు కావలెను. ఒకడు పులులను నడుపును, మరొకడు మేకలను నడుపును. చదరంగమునకును ఇద్దరే. ఇట్టి ఆటలలో ఎదుట కూర్చున్నవాడు ప్రాణస్నేహితుడైనను ఆట ముగియువరకు ప్రత్యర్థియే. కంప్యూటరు తెరపై పుట్టిన తొలి ఆటలును ఈ త్రోవనే నడచినవి. ఇద్దరు స్నేహితులు ఒకే పక్షమున నిలిచి, యంత్రము నడిపెడి శత్రుసేనతో పోరాడుట అనునది తరువాత వచ్చిన పద్ధతి. అది ఎట్లు వచ్చినది, నడుమ ఎట్లు చేజారినది అను చరిత్రలో కంప్యూటరు శాస్త్రమునకు సంబంధించిన విషయములు కొన్ని కలవు.

1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కలసి పి.డి.పి.-1 అను కంప్యూటరుపై ‘స్పేస్‌వార్’ అను ఆటను రచించిరి. వారు ఇ. ఇ. స్మిత్ వ్రాసిన అంతరిక్ష నవలలను మక్కువతో చదివినవారు. తెర నడుమ ఒక నక్షత్రము, దాని ఆకర్షణకు లోబడి తిరుగు రెండు నౌకలు, వానిని నడుపు ఇద్దరు ఆటగాండ్రు: ఇదే ఆట. ఆ కంప్యూటరు మూల నమూనాలోని జ్ఞాపకశక్తి 18 బిట్ల పదములు 4096 మాత్రమే, అనగా నేటి లెక్కలో 9 కిలోబైట్లు. నౌకలపై గురుత్వాకర్షణను లెక్కించుటకే కాలము చాలక, అవి విడిచెడి అస్త్రములను ఆ ఆకర్షణ నుండి మినహాయించిరి. న్యూటను సూత్రము నౌకకు వర్తించి అస్త్రమునకు వర్తించకపోవుట భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు నవ్వు తెప్పించవచ్చును! ఇంత ఇరుకులో శత్రువును కూడ యంత్రమే నడుపుట కష్టము. ఆ లోటును తీర్చినవాడు ప్రక్కన నిలిచిన రెండవ మనుష్యుడే అని చెప్పవచ్చును.

శత్రుసేనను యంత్రమే నడుపు ఆటలలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది 1978లో జపానులోని టైటో సంస్థ వెలువరించిన ‘స్పేస్ ఇన్‌వేడర్స్’. నిషికాడో టొమొహిరో దీని నిర్మాత. ఐదు వరుసలలో 55 గ్రహాంతర జీవులు క్రిందికి దిగుచు వచ్చును. సెకనుకు 60 మారులు చిత్రము మారును గాని, మారినప్పుడెల్ల ప్రాసెసరు ఒక్క జీవిని మాత్రమే కదల్చగలిగెడిది. అందుచే 55 జీవులున్నప్పుడు ఒక్కొక్కదాని వంతు వచ్చుటకు దాదాపు ఒక సెకను పట్టెడిది. జీవులు నశించినకొలది మిగిలినవాని వంతు త్వరగా వచ్చి వేగము హెచ్చెడిది. ఆటకు ఉత్కంఠను తెచ్చిన ఈ గుణము యంత్రము యొక్క అశక్తత నుండి పుట్టినదే. ఈ ఆటను ఇద్దరు ఆడవచ్చును గాని ఒకని తరువాత ఒకడు ఆడవలెను. జతగాడు ఊరక నిలిచి చూచుచుండవలసినదే.

ఇద్దరును ఒకేసారి ఒకే పక్షమున పోరాడు ఆటలు 1980ల దశకమున వ్యాపించినవి. వానిలో కొనామి సంస్థవారి ‘కాంట్రా’ (1987) తెలుగునాట అనేకులకు పరిచితమే. 1990ల దశకములో నింటెండో యంత్రమునకు నకళ్ళు భారతదేశ విపణులలో విస్తారముగా అమ్ముడుపోయినవి. వానితో వచ్చు క్యాసెట్లలో ఈ ఆట తరచుగా ఉండెడిది. ముప్పది ప్రాణములు సంపాదించుటకు మీటలను ఏ వరుసలో నొక్కవలెనో ఎక్కములు మరచిన పిల్లలకు కూడ కంఠస్థముగా ఉండెడిది. ఈ ఆటలో ఇద్దరికిని ఒకే చిత్రము; అందు బొమ్మలు రెండు. యంత్రమునకు అదనపు శ్రమ స్వల్పము. అయితే ఒక చిక్కు కలదు. జలపాతము ఎక్కు ఘట్టములో ముందు వెళ్ళినవానితో తెర పైకి జరుగును. వెనుకబడినవాడు తెర అడుగు అంచున పడి చచ్చును. శత్రువు గుండు తగులకున్నను స్నేహితుని తొందర చేతనే ప్రాణము పోవును. ఈ కారణమున ఎన్ని ఇండ్లలో అన్నదమ్ములు తగవులాడుకొనిరో లెక్క లేదు.

1993 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రములోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ‘డూమ్’ అను ఆటను విడుదల చేసెను. కథ అంగారక గ్రహపు ఉపగ్రహములైన ఫోబోస్, డైమోస్‌లపై నడచును. ఇందు ఆటగాడు తన బొమ్మను చూడడు. ఆ బొమ్మ కన్నులతోనే లోకమును చూచును. కావున ఇద్దరికి ఒకే చిత్రము చాలదు. ఒక్కొక్కరు ఒక్కొక్క కంప్యూటరు ముందు కూర్చుండి, వానిని నెట్‌వర్కుతో కలుపవలెను. ఇట్లు నలుగురి వరకు కలసి ఆడవచ్చును. ఇచ్చట ఒక మౌలికమైన ప్రశ్న పుట్టినది. రెండు యంత్రములలో రెండు లోకములు ఉండగా, అవి రెండును ఒకటే అని నమ్ముట ఎట్లు?

దీనికి దొరికిన సమాధానము ఉత్తరముల ద్వారా ఆడు చదరంగమును పోలియున్నది. విజయవాడలో ఒకడు, వరంగల్లులో ఒకడు బల్లలు పరచుకొని కూర్చుందురు. బల్ల మీది కాయలన్నిటి స్థితిని ప్రతి ఉత్తరములోను వర్ణింపనక్కర లేదు. వేసిన ఎత్తు వ్రాసిన చాలును; రెండు బల్లలును ఒకే విధముగా మారును. డూమ్ కూడ సెకనును 35 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగములో ఆటగాడు ఏ మీట నొక్కెను, ఎటు తిరిగెను అను సంగతిని మాత్రమే ఎనిమిది బైట్లలో పంపును. రాక్షసులెక్కడ ఉన్నవి, గుండ్లెటు పోవుచున్నవి అనునది ఏ యంత్రమునకు ఆ యంత్రము లెక్కించుకొనును. ఈ ఆజ్ఞలకు ఒక ఆటగానికి సెకనుకు 280 బైట్లే అగుటచే, ఆనాటి టెలిఫోను మోడెముపై కూడ ఇద్దరు ఆడగలిగిరి.

అయితే పాచికల సంగతి యేమి? చదరంగమునకు బదులు వైకుంఠపాళి ఆడినచో విజయవాడలో పడిన పందెము వరంగల్లులో పడదు గదా! డూమ్ రచయితలు 256 సంఖ్యల పట్టిక నొకటి ముందే వ్రాసి ప్రతి యంత్రములోను ఉంచిరి. యాదృచ్ఛికముగా కనబడు ప్రతి సంఘటనయు ఆ పట్టికలోని తరువాతి సంఖ్యను బట్టియే జరుగును. పందెములన్నియు ముందే వ్రాసిపెట్టుకొన్నట్లు! అంతేగాక ప్రతి ఆజ్ఞ వెంబడి ఒక సరిచూపు సంఖ్యను కూడ పంపుకొనును. అది కలియనిచో రెండు లోకములు వేరుపడినవని గ్రహించి ఆట నిలిచిపోవును. తొలి ప్రతిలో ఈ సందేశములు నెట్‌వర్కులోని యంత్రములన్నిటికిని వినబడునట్లు ప్రసారమగుటచే, కొన్ని సంస్థలలో ఇతరుల పనులు కుంటుపడి, ఆటను నిషేధింపవలసి వచ్చెను. 1994లో ఆ లోపమును సవరించిరి.

ఈ పద్ధతికి ప్రకృతియే విధించిన హద్దు ఒకటి కలదు. రెండవవాని ఎత్తు చేరువరకు మొదటివాని లోకము ముందుకు సాగరాదు. గాజు తీగలో కాంతి వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదునకును కాలిఫోర్నియాకును నడుమ 13 వేల కిలోమీటర్లకు పైగా దూరమున్నది. పోయి వచ్చుటకు 130 మిల్లీసెకనులైనను పట్టును. డూమ్ లెక్కలో అది నాలుగు భాగములకు మించిన కాలము. అమెరికాలో ఉద్యోగము చేయువాడు స్వదేశములోని బాల్యమిత్రునితో ఆడునప్పుడు కలుగు తడబాటులో ఇంత భాగము ఏ ఇంజనీరును తొలగింపలేనిది. ప్రక్క కుర్చీలోని మిత్రునితో ఆడువానికి ఈ బాధ లేదు.

ఆ ప్రక్క కుర్చీకి గౌరవము తెచ్చిన ఆట ‘హేలో’. బంగీ సంస్థ నిర్మించిన ఈ ఆట 2001 నవంబరులో మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్ యంత్రముతో పాటు విడుదలయ్యెను. ఇందు లోకము ఒక్కటే. దానిని ఇద్దరి కన్నులతో రెండు మారులు చిత్రించి, తెరను అడ్డముగా రెండు చేసి చూపుదురు. 480 గీతల చిత్రములో ఒక్కొక్కరికి 240 వచ్చును. బిందువుల సంఖ్య పెరుగకున్నను, కొండలు, గోడలు, శత్రువులు ఒక్కొక్కని దృష్టికి ఎట్లు కనబడునో వేర్వేరుగా లెక్కింపవలెను. అందుచే యంత్రముపై భారము హెచ్చును.

ఇందలి మరణనియమము గమనింపదగినది. ఇద్దరిలో ఒకడు పడిపోయినచో ఆట ముగియదు. రెండవవాడు పోరు నుండి తప్పుకొని సురక్షితమైన చోటు చేరినచో, పడినవాడు అతని ప్రక్కన మరల లేచును. ఇద్దరును పడినప్పుడే వెనుకటి మజిలీకి పోవలెను. కావున ఒంటరిగా మిగిలినవాడు వీరత్వము చూపుట మాని దాగుకొనుట నేర్చును. పడినవాడు తన సగము తెర వెలవెలబోగా మిత్రుని సగమును చూచుచు ఊపిరి బిగబట్టును. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ‘హేలో 2’ ఆటను కొందరు విద్యార్థుల చేత జట్టుగాను, కొందరి చేత పోటీగాను ఆడించి, తరువాత వారి చేత ధనమును ఇచ్చిపుచ్చుకొను ఆట యొకటి ఆడించిరి. 2012లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, జట్టుగా ఆడినవారు అందు ఎక్కువ సహకారము చూపిరి. ఇది ప్రయోగశాలలో ఆట ముగిసిన వెంటనే కొలిచిన ఫలితము. దీర్ఘకాలపు శీలమును గూర్చి ఇంతమాత్రమున నిర్ణయింపరాదు.

2007 నాటి ‘హేలో 3’ నలుగురు వేర్వేరు ఇండ్ల నుండి కథను కలసి ఆడు సౌకర్యమును ఇచ్చెను. ప్రక్క కుర్చీ అప్పటికి భద్రముగానే ఉండెను. 2015లో వచ్చిన ‘హేలో 5’లో మాత్రము పంచిన తెరను తొలగించిరి. సెకనుకు 60 చిత్రములు చూపవలెనని నిర్మాతల పట్టుదల. అనగా ఒక్కొక్క చిత్రమునకు 17 మిల్లీసెకనులకంటె తక్కువ వ్యవధి. అందులో రెండు దృష్టులను చిత్రించుట కుదురదనిరి. ఆటగాండ్ర అసంతృప్తిని చూచి, ఇకముందు ఈ వరుసలోని ఆటలలో పంచిన తెర ఉండునని 2017లో ఆ సంస్థ అధినేత్రి బోనీ రాస్ మాట ఇచ్చెను. 2021 డిసెంబరులో ‘హేలో ఇన్‌ఫినిట్’ విడుదలైనప్పుడు కథను కలసి ఆడు సౌకర్యమే లేదు. 2022 సెప్టెంబరులో పంచిన తెర పనిని విరమించినట్లు ప్రకటించి, నవంబరులో దూరస్థులు నలుగురి వరకు ఆడు ఏర్పాటు మాత్రము చేసిరి.

64 మెగాబైట్ల జ్ఞాపకశక్తితో 2001 నాటి యంత్రము చేసిన పనిని, అంతకు ఎన్నో రెట్లు బలమైన యంత్రము చేయలేకపోవుట వింతగా తోచవచ్చును. కాని పెరిగిన బలమంతయు గడ్డిపోచలకు, నీడలకు, దూరపు కొండలకు వ్యయమైనది; రెండవ స్నేహితునికి మిగిలినది లేదు. ఇందు ఖర్చు మాటయు కలదు. తెర పంచుకొన్నప్పుడు ఇద్దరికి ఒక యంత్రము, ఒక ఆట చాలును. దూరమున ఆడవలెనన్న రెండేసి కావలెను. చేతిలో డబ్బు ఆడని బాలునికి ఇది చిన్న సంగతి కాదు.

2025 మార్చిలో స్వీడనులోని హేజ్‌లైట్ సంస్థ వెలువరించిన ‘స్ప్లిట్ ఫిక్షన్’ ఈ విషయమున వేరు త్రోవ త్రొక్కినది. వైజ్ఞానిక కల్పనయు జానపద కల్పనయు కలగలిసిన ఈ ఆటలో కాల్పులు ఒక అంశము మాత్రమే. దీనిని ఒంటరిగా ఆడుటకు వీలే లేదు. ఒకడు కొన్నచో రెండవవాడు కొనకయే దూరము నుండి చేరవచ్చును. ఇద్దరును వేర్వేరు ఇండ్లలో ఉన్నను తెరను పంచియే చూపుదురు, ఎందుకనగా మిత్రుడేమి చేయుచున్నాడో చూచిన గాని తన పని సాగదు. ఆ సంవత్సరమే అక్టోబరులో 2001 నాటి తొలి హేలో కథను మరల నిర్మించుచున్నట్లు ప్రకటన వెలువడెను. అందు దూరస్థులు నలుగురికి ఏర్పాటుతో పాటు, ఒకే తెరను ఇద్దరికి పంచు ఏర్పాటు కూడ ఉండునని చెప్పిరి.