కాలేజీ కిత్తా దూర్ హై? ఆదోని, ఎమ్మిగనూరు తాలీమ్ తారీఖ్

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్ళలో మొదట వచ్చే సవాల్ ఒకటే: "కాలేజీ కిత్తా దూర్ హై?" బిడ్డ ఏం చదువుతుంది, ఏ జబాన్‌లో చదువుతుంది, ఆ సనద్ చేతికొచ్చాక ఏ నౌకరీకి పనికొస్తుంది అన్నవి ఆ తర్వాతి మాటలు. ఆడబిడ్డ విషయంలో చాలాసార్లు ఆ తర్వాతి మాటల దాకా రానే రాము. దూరం దగ్గరే ఫైసలా అయిపోతుంది. ఈ దూరం లెక్క మన బుజుర్గులు ఊరికే పెట్టుకున్నది కాదు. దాని వెనక పెద్ద తారీఖే ఉంది.

ఒకప్పుడు ఆదోని నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. 1800లో నిజాం ఈ ఇలాకానంతా ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. ఆదోని బళ్ళారి జిల్లాలో, మద్రాసు హుకూమత్ కింద చేరింది. తుంగభద్ర దాటితే రాయచూరు మాత్రం నిజాం రాజ్యమే. 1871లో బొంబాయి, మద్రాసు రైలు మార్గాలు రాయచూరులో కలిశాయి. ఆ దారి ఆదోని మీదుగా పోతుంది. అంటే ఆదోని స్టేషన్‌లో రైలెక్కిన పిల్లవాడు నేరుగా మద్రాసులో దిగగలడు. కర్నూలుకు మాత్రం అలా నేరుగా రైలు లేదు, పైగా అది అప్పట్లో వేరే జిల్లా. మగ్గాల ఊరు ఎమ్మిగనూరుకైతే రైలే లేదు.

రాయలసీమలో కాలేజీలు ఆలస్యంగా వచ్చాయి. మదనపల్లెలో దివ్యజ్ఞాన సమాజంవారి కాలేజీ 1915లో, అనంతపురంలో దత్తమండల కాలేజీ 1916లో మొదలయ్యాయి. అంతకుముందు డిగ్రీ కావాలంటే సీమ దాటాల్సిందే. బయట హాస్టల్ ఖర్చు భరించగల ఖాందాన్‌కే అది సాధ్యం. ఆ రోజుల్లో దూరం ఒక మజ్‌బూరీ.

సరిగ్గా అదే కాలంలో నది అవతల ఇంకో తజురుబా జరిగింది. 1917లో నిజాం ఫర్మానాతో ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది. 1919లో తరగతులు మొదలయ్యాయి. దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, చట్టం, తత్వశాస్త్రం గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. డాక్టరీ, ఇంజినీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. అయితే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: అక్కడ కూడా ఇంగ్లీషు లాజ్మీ సబ్జెక్టే. ఇంకో సంగతి, ఆ సనద్‌కు విలువ ఉన్నది ఆ రాజ్యం దఫ్తర్లు ఉర్దూలో నడిచాయి కాబట్టి. 1948లో హుకూమత్ మారాక యూనివర్సిటీ కూడా ఇంగ్లీషుకు మారింది. చదువు జబాన్, రోజ్‌గార్ జబాన్ వేరైపోతే నష్టపోయేది పిల్లవాడే.

ఈ రెండింటినీ కలిపి చూసిన మనిషి మన జిల్లాలోనే ఉన్నాడు. కర్నూలు బిడ్డ మర్హూమ్ డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్. ఆయన అరబ్బీలో అఫ్జలుల్ ఉలమా, ఇటు ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు. మద్రాసులో మహమ్మదన్ కాలేజీకి, ప్రెసిడెన్సీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశారు. తర్వాత అలీగఢ్‌లో ప్రో వైస్ ఛాన్సలర్ అయ్యారు. అంతటి మనిషి 1947లో, ముల్క్ రెండు ముక్కలైన ఆ సాల్‌లోనే, కర్నూలులో ఉస్మానియా కాలేజీ నిలబెట్టారు. పేరు ఒకటే కదా అని దీన్ని హైదరాబాద్ యూనివర్సిటీతో కలిపేయకండి, ఇది వేరు. సీమ పిల్లలు మద్రాసు దాకా పోకుండా డిగ్రీ చదివే దారి ఒకటి అలా తెరుచుకుంది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధాని అయింది. అదే రోజు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారిని వదిలి కర్నూలు జిల్లాలో కలిశాయి. బళ్ళారి సర్‌హద్ అవతలికి పోయింది, నూరు కిలోమీటర్ల కర్నూలు మన సదర్ అయింది.

యూనివర్సిటీ మాత్రం అంచెలంచెలుగా వచ్చింది. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. 1954లో సీమకు దక్కిన యూనివర్సిటీ తిరుపతిలో వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ 1981లో, కర్నూలుకు రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చాయి. 2016లో అబ్దుల్ హక్ సాహెబ్ పేరుతోనే కర్నూలులో ఉర్దూ యూనివర్సిటీ ఏర్పడింది. ఒకప్పుడు మద్రాసులో ఉన్న యూనివర్సిటీ ఇప్పుడు ఎమ్మిగనూరు నుంచి బస్సులో వెళ్ళేంత దగ్గరకొచ్చింది.

కాబట్టి వాలిదైన్‌కు నా గుజారిష్: సవాళ్ళ వరస మార్చండి. మొదటిది, ఏ కోర్సు? పక్కనే ఉందని చేరిన కోర్సు బిడ్డకు ఇష్టం లేకపోతే మూడేళ్ళూ వృథా. రెండోది, ఏ జబాన్‌లో? ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకి వెళ్ళినవాడిగా చెబుతున్నాను, జబాన్ మారితే మొదటి ఏడాది బరువుగానే ఉంటుంది, కానీ మోయలేనిది కాదు. ఉర్దూ చదువుకున్న పిల్లలకు హైదరాబాద్‌లో 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అక్కడ దాఖలాకు ఉర్దూ చదివి ఉండటమే షర్తు. వేరేచోట అడ్డంకి అనుకున్నది అక్కడ అర్హత అవుతుంది. దాని పాలిటెక్నిక్ ఒకటి కడపలోనే ఉంది. అయితే ఏ ఉర్దూ కోర్సులో చేర్చినా ఇంగ్లీషు, తెలుగు వదలనివ్వకండి. ఉస్మానియా తారీఖ్ చెప్పేది అదే. మూడోది, ఆ కాలేజీకి గుర్తింపు ఉందా, ఆ సనద్ పై చదువుకీ నౌకరీకీ చెల్లుతుందా? నాలుగోది హాస్టల్, ఫీజు, స్కాలర్‌షిప్. కర్నూలులో 1972 నాటి సిల్వర్ జూబ్లీ ప్రభుత్వ కాలేజీ ఉంది, ఆడపిల్లలకు కె.వి.ఆర్. ప్రభుత్వ మహిళా కాలేజీ ఉంది. ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి, అక్కడ చదివే మన బిడ్డలను అడగండి.

దూరం అన్న సవాల్ వీటన్నిటి తర్వాత అడగండి. ఆదోనిలోని కాలేజీయే ఈ సవాళ్ళన్నిటికీ జవాబైతే అదే బెహతర్, సంతోషంగా చేర్చండి. కాకపోతే కర్నూలు బస్సు ఉంది. నూరేళ్ళ కింద దూరం ఒక మజ్‌బూరీ. ఇవాళ ఆ ఒక్క మాట మీదే ఆడబిడ్డ తాలీమ్ ఆపితే దాన్ని మజ్‌బూరీ అనలేం, అది మన ఫైసలా. ఆ ఫైసలా చేసేముందు ఆ బిడ్డ మష్వరా కూడా తీసుకోండి.